అరచేతిలో పెళ్ళిపందిరి

పెద్ద ఇంటి సామాను చిన్న ఇంట్లో సర్దడం మన ఆడవాళ్ళకి కొత్త విద్యేమీ కాదు. ఇంటాయనకి బదిలీ అయిన ప్రతిసారీ చేసేదే. ఏది వెంట వుండాలి, ఏది అటకెక్కాలి, ఏది ఎవరికైనా ఇచ్చెయ్యాలి అన్న మూడు ప్రశ్నలూ తేలితే సగం సర్దుడు అయిపోయినట్టే. మూడు గంటల వీడియోని అరచేతిలో పట్టే ఫోన్లో ఇమడ్చడం కూడా అచ్చంగా ఇదే విద్య. కాకపోతే బిందెలూ బొంతలూ వుండే చోట ఇక్కడ మెగాబైట్లు వుంటాయి.

"బి.ఏ.లో చరిత్ర చదివి నవలలు రాసుకునేదానివి, నీకెందుకీ లెక్కలు?" అని మావారు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, అడిగింది మా అమ్మ. అమ్మ అడిగిన పని లెక్కలు రావని మానేస్తామా, మీరే చెప్పండి.

మా చిన్నపిన్ని పెళ్ళి 1989 మే నెలలో తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో జరిగింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజుల్లో పెళ్ళికి వీడియో తీయించడమంటే బ్యాండుమేళం పెట్టించడం కంటే గొప్ప. భుజాన కెమెరా మోసే ఆయన ఒకరు, ఆయన వెనకాల భగ్గుమని వెలిగే లైటు ఎత్తి పట్టుకున్న కుర్రాడు ఒకడు. ఆ వెలుగు మీద పడగానే పెద్దవాళ్ళు కళ్ళు చికిలించేవారు, పిల్లలం పళ్ళికిలించేవాళ్ళం. నెల తిరిగాక కేసెట్టు చేతికొచ్చింది. మూడు గంటలు! పువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్ళికూతురు, గుండె బొమ్మ గిర్రున తిరిగి అందులోంచి పెళ్ళికొడుకు. ఆ చివర నించీ ఈ చివర దాకా సినిమా పాటలు. ఎవరేం మాట్లాడుకున్నా వినపడదు. ఒక్క భోజనాల దగ్గర మాత్రం, పాటలే అయిపోయాయో, కూర్చిన మనిషికి ఆకలే వేసిందో గానీ, నాలుగు నిమిషాలపాటు పందిట్లో చప్పుడు వున్నదున్నట్టు వదిలేశాడు.

ఆ నాలుగు నిమిషాల్లో మా నాన్నగారు వున్నారు. నేతిగిన్నె పట్టుకుని పంక్తిలో వడ్డిస్తూ, మధ్యలో తలెత్తి, "ఇదిగో! పిల్లలు తిన్నారా?" అని అడుగుతారు. అడిగింది మా అమ్మని. ఆయన అమ్మని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అంటే అమ్మ.

నాన్నగారు 2011లో పోయారు. ఫోటోలు కావలసినన్ని వున్నాయి. ఆయన గొంతు వున్నది మాత్రం ఆ ఒక్క టేపులోనే.

అమ్మ ఇప్పటికీ ఊళ్ళోనే వుంటుంది. డెబ్బై దాటాయి. "రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదే. ఆ పెళ్ళి కేసెట్టు ఈ ఫోన్లో వేసిపెట్టరాదూ, పడుకుని చూసుకుంటాను," అంది. అడిగినంత తేలికా? ఆ ఫోన్లో కార్డు పెట్టుకునే చోటు లేదు. లోపల మిగిలింది రెండు జీబీల చిల్లర. మిగతాదంతా భజనలూ, మనవల ఫోటోలూ, తెల్లవారగానే చుట్టాలు పంపే గులాబీపువ్వుల శుభోదయాలూ. వాటిలో ఒక్కటి తీసెయ్యనివ్వదు. ఇంటర్నెట్లో పెట్టి చూపిద్దామంటే, ఆ మట్టిగోడల ఇంట్లో సిగ్నలు తులసికోట దగ్గర తప్ప అందదు. అర్ధరాత్రి తులసికోట దగ్గర కూర్చుని పెళ్ళి చూడమనలేం కదా!

ముందు కేసెట్టు ఆడించే యంత్రమే దొరకలేదు. చివరిదాకా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆ పని మానేసింది. పాత యంత్రం ఒకటి దగ్గర పెట్టుకుని టేపుల్ని ఎక్కించి ఇచ్చే దుకాణం ఒకటి విజయవాడలో దొరికింది. వాళ్ళు రెండు ఫైళ్ళు చేసి ఇచ్చారు. ఒకటి పదకొండు జీబీలకి కొంచెం తక్కువ. "ఇది కంప్యూటరుకి," అన్నారు. రెండోది మూడు వందల ఎమ్‌బీ. "ఇది మొబైలుకి," అన్నారు.

ఆ మొబైలుది అమ్మ ఫోన్లో వేశాం. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "మీ నాన్నగారు ఇంత లావుగా ఎప్పుడున్నారే?" అంది. వీహెచ్ఎస్ టేపు బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. దాన్ని ఫోను నిండా పరచాలని అడ్డంగా సాగదీశారు. సన్నగా వెదురుబద్దలా వుండే మనిషి పీపాలా అయ్యారు. మొహం మీద కనుబొమలు చెరిగిపోయి మైనపుబొమ్మలా వుంది. అదీ సర్దుకుంది అమ్మ. కానీ "ఇదిగో" అన్న మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇది ఆయన గొంతు కాదే," అని ఫోను పక్కన పెట్టేసింది.

అప్పుడు పట్టింది నాకు పంతం. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి సెలవులకి వస్తే కూర్చోబెట్టాను. "నాకర్థమయ్యేలా చెప్పరా, పదకొండు మూడొందలు ఎలా అయింది? మధ్యలో ఏం పోయింది?"

వాడు చెప్పినది నా భాషలో చెబుతాను. మన దేశంలో నడిచిన టీవీ పద్ధతిలో ఒక్కో బొమ్మకీ కంప్యూటరు లెక్కన అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకి 25 బొమ్మలు. అన్నీ వున్నవున్నట్టు దాస్తే గంటకి 56 జీబీ. మూడు గంటల పెళ్ళికి 168 జీబీ! అదీ రంగుల వివరం నాలుగో వంతుకి కోసేశాకే. మన కంటికి వెలుగునీడల మీద వున్న పట్టు రంగుల మీద లేదు. ఆ సంగతి కనిపెట్టి రంగు దగ్గర పొదుపు చేస్తారన్నమాట.

రెండో పొదుపు, కదలనిదాన్ని మళ్ళీ మళ్ళీ రాయకపోవడం. పందిట్లో కుర్చీలో నిద్రపోతున్న మా తాతగారిని ఒక్కసారి రాసుకుంటే చాలు, తరవాతి బొమ్మల్లో "తాతగారు యథాప్రకారం" అని గుర్తు పెట్టుకుంటుంది. ఖర్చంతా కదిలేవాళ్ళకే. ఆ లెక్కన పెళ్ళిలో అన్నిటికన్నా ఖరీదైన ఘట్టం ఏదో తెలుసా? తలంబ్రాలు! వందలాది పసుపు గింజలు, ఒక్కోటీ ఒక్కో దారిన ఎగిరి పడుతుంటే ఏ గింజ ఎటు పోయిందో రాయలేక యంత్రం చేతులెత్తేస్తుంది. అందుకే ఆ చిన్న ఫైల్లో తలంబ్రాల దగ్గర పిన్ని మొహం చదరపు పెంకులుగా విడిపోయింది.

మూడో పొదుపు దగ్గర మన దేశం మనిషి ఒకాయన వున్నారు. బెంగుళూరులో పుట్టి అమెరికాలో పనిచేసిన నసీర్ అహ్మద్. బొమ్మని చిన్నచిన్న గళ్ళుగా కోసి, ప్రతి గడిలోనూ మెల్లగా మారే వెలుగెంత, సన్నసన్న గీతలెన్ని అని విడివిడిగా లెక్కగడితే, కంటికి ఆనని సన్న వివరాన్ని ముందు వదిలించుకోవచ్చునని ఆయన ఆలోచన. 1972లో ఆ పరిశోధనకి డబ్బిమ్మని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే, మరీ తేలిక విషయంలా వుందని ఇవ్వలేదట. ఆయన వదల్లేదు. తన శిష్యుడు టి. నటరాజన్‌తోనూ, టెక్సస్‌లో ఆచార్యులు కామిశెట్టి రామమోహనరావుగారితోనూ కలిసి 1974లో ఆ లెక్కని అచ్చు వేయించారు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అంటారు దాన్ని. ఈనాడు ఫోన్లో చూసే ఫోటోలకీ, చాలామటుకు వీడియోలకీ ఆ లెక్కో, దాని సంతతో ఆధారం. కామిశెట్టి అన్న ఇంటిపేరు చదవగానే నాకు పెళ్ళిలో ఎరిగిన చుట్టం ఎదురైనట్టయింది.

సరే, ఏం పోతుందో తెలిసింది. ఎంత పోవాలి అన్నది ఎవరు చెప్పాలి?

దానికి రెండు దారులున్నాయి. మా అబ్బాయి వాడింది హ్యాండ్‌బ్రేక్ అని డబ్బు అడగని సాఫ్టువేరు. అందులో ఒక దారిలో నాణ్యతకి ఒక అంకె చెబుతాం. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది. ఈ కొలత బొమ్మలకి 18 నించి 22 మధ్య పెట్టుకోమంటారు. చెప్పిన నాణ్యత వస్తుంది గానీ, ఫైలు ఎంతవుతుందో అయ్యాక గానీ తెలియదు. ధర అడక్కుండా చీర కట్టబెట్టించుకున్నట్టే. 20 పెట్టి చూస్తే మూడున్నర జీబీ అయింది. అమ్మ ఫోన్లో పట్టదు.

రెండో దారిలో సెకనుకి ఇంత అని ఖర్చు ముందే కట్టేస్తాం. లెక్క కూడా కష్టం కాదు, మీరూ రాసుకోండి. సెకనుకి ఒక మెగాబిట్టు చొప్పున గంటకి 450 ఎమ్‌బీ. మూడు గంటలకి 1,350. గొంతుకి సెకనుకి 128 కిలోబిట్లు ఇస్తే మూడు గంటలకి 173 ఎమ్‌బీ. మొత్తం ఒకటిన్నర జీబీ పైన కాస్త. అమ్మ ఫోన్లో పట్టి ఇంకా నాలుగు శుభోదయాలకి చోటుంటుంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు రెండు విడతలుగా చెయ్యమని చెప్పాలి. మొదటి విడతలో యంత్రం వడ్డించదు, ఊరికే పంక్తి చూసి వస్తుంది. ఎక్కడ తలంబ్రాలున్నాయి, ఎక్కడ తాతగారు నిద్రపోతున్నారు అని గుర్తుపెట్టుకుంటుంది. రెండో విడతలో వున్నదాన్నే ఆకలిని బట్టి వడ్డిస్తుంది. పంక్తి చూడకుండా గరిటె పట్టుకున్నవాడు మొదటి వరసకి దోసిళ్ళతో పోసి చివరి వరసకి అడుగు గీకడం మనమెరగనిదా!

ఇక్కడ గొంతు లెక్క ఇంకోసారి చూడండి. ఫైలు మొత్తంలో గొంతు తీసుకున్నది సుమారు తొమ్మిదో వంతు. దుకాణం వాళ్ళు ఆ కాస్త దగ్గరే పిసినారితనం చేసి 32 కిలోబిట్లకి దించేశారు. దాంతో వాళ్ళకి మిగిలింది 130 ఎమ్‌బీ. పోయింది నాన్నగారి గొంతు. వాళ్ళని అని లాభం లేదు. రోజూ వచ్చే కేసెట్లన్నిటికీ ఒకే కొలత వేసి ఇస్తారు. ఈ మూడు గంటల్లో ఏ నాలుగు నిమిషాలు ముఖ్యమో వాళ్ళకెలా తెలుస్తుంది? యంత్రానికి అసలే తెలియదు. లోకంలో సగటు కంటికి ఏది ఆనదో దాన్ని తీసేయడమే దానికి తెలుసు. మా అమ్మ సగటు మనిషి కాదు, నెయ్యి వడ్డిస్తున్న ఆ మనిషి భార్య.

మిగతావన్నీ చిన్న మరమ్మతులు. పాత టీవీ బొమ్మ ఒక్కోటీ రెండు సగాలుగా వుంటుంది, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. అలాగే వదిలేస్తే చెయ్యి కదిపినప్పుడల్లా అంచున దువ్వెన పళ్ళలా కనపడుతుంది. ఆ సగాల్ని కలిపే మీట ఒకటుంది, అది నొక్కాం. టేపు మీద గుడగుడలాడే చుక్కలుంటాయి చూశారూ, వాటినీ యంత్రం కదలికే అనుకుని మొహాలకి పెట్టవలసిన ఖర్చు వాటికి పెడుతుంది. చుక్కల్ని తుడిచే సాధనం ఎక్కువగా వాడితే పిన్ని ముక్కుపుడక కూడా తుడుచుకుపోయింది. తేలికపాటిది చాలన్నాం. బొమ్మని పెద్ద టీవీ కొలతకి పెంచుదామా అని మావారు సలహా ఇచ్చారు. టేపులో లేని కనుబొమలు పెంచితే వస్తాయా? బరువు పెరుగుతుందంతే. హెచ్.265 అని 2013లో వచ్చిన పద్ధతిలో ఇదే బొమ్మ సుమారు సగం చోటులో పట్టవచ్చు గానీ, పాత ఫోన్లు కొన్ని దాన్ని లాగలేవు. అందుకని 2003 నాటి హెచ్.264నే పెట్టుకున్నాం. అది ఆడని ఫోను అరుదు.

మూడు గంటలదీ మార్చి చూసి, మళ్ళీ మార్చి చూసి కూర్చుంటే సెలవులయిపోతాయి. రెండేసి నిమిషాల ముక్కలు రెండు తీసుకున్నాం. యంత్రానికి కష్టమైన తలంబ్రాలు ఒకటి, మాకు ముఖ్యమైన పంక్తి ఒకటి. ఆ రెంటినీ కంప్యూటరు మీద కాదు, అమ్మ ఫోనులాంటి దాంట్లోనే, అమ్మ పట్టుకునేంత దూరంలోనే పట్టుకుని చూశాం. పెద్ద తెర మీద కనపడే లోపాలు అరచేతిలో సగం కనపడవు. తలంబ్రాలు కాస్త అలుక్కుపోయాయి, పోనిమ్మన్నాను. పంక్తిలో నాన్నగారి కనుబొమలు వచ్చాయి. గొంతు వచ్చింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఫోన్లో వేసిచ్చాను. "ఈ పక్కా ఆ పక్కా నల్లపట్టీలేమిటే?" అంది అమ్మ. "నాన్నగారు లావెక్కకుండా వుండడానికి," అన్నాను. మంచం మీద పడుకుని పెట్టుకుంది. నేను వంటింట్లో వున్నాను. పాటలు వినపడుతున్నాయి. తరవాత పాటలు ఆగి, గిన్నెల చప్పుడు, మనుషుల గోల. "ఇదిగో! పిల్లలు తిన్నారా?"

"ఆఁ, తిన్నారు," అంది అమ్మ, అవతలి గదిలోంచి.

నేను గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అమ్మే పిలిచి, దీన్ని వెనక్కి తిప్పడం ఎలాగో చూపించమంది. చూపించాను. బొమ్మ ఎలా వుందని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి కేసెట్లు బీరువా అడుగున వుండే వుంటాయి. మన కోస్తా తేమకి టేపు మీద బూజు పడుతుంది. ఆడించే యంత్రాలూ, బాగుచేసేవాళ్ళూ రోజురోజుకీ తగ్గిపోతున్నారు. కాబట్టి మొదట చెయ్యవలసింది దాన్ని పెద్ద ఫైలుగా ఎక్కించుకోవడం. ఆ తరవాతే చిన్నది. పాలు మరగబెట్టి ఎన్నిసార్లైనా కోవా చేసుకోవచ్చు గానీ, కోవాలో నీళ్ళు పోస్తే పాలు కావు. చిన్నదాన్నించి ఇంకా చిన్నది చేస్తూ పోతే ప్రతి మెట్టు దగ్గరా ఇంకొంచెం పోతుంది. ఫోన్లో చేతులు మారి వచ్చే వీడియోలు చివరికి పొగమంచులో తీసినట్టుండడానికి చాలాసార్లు కారణం అదే. మా పదకొండు జీబీలది నా దగ్గర ఒక హార్డుడిస్కులో, మా తమ్ముడింట్లో ఇంకో దాంట్లో వుంది. ఎవరికెంత కావాలంటే అంత దాంట్లోంచే.

ఈ కబురు తెలిసి చుట్టాలందరూ తలా ఒకటి అడుగుతున్నారు. డల్లాస్‌లో వున్న మా మేనమామ కొడుక్కి గోడంత టీవీ వుంది. వాడికి మూడున్నర జీబీలదే పంపాను. పిన్ని ఫోను చేసి, "అక్కకి చేసినట్టు చేస్తే ఊరుకోనే! నా తలంబ్రాలు గింజ గింజా కనపడాలి," అంది. ఆవిడకి ఆ ఘట్టం ఒక్కటీ విడిగా తీసి, బరువు చూడకుండా చేసిచ్చాను. ఒకే పెళ్ళి, ముగ్గురికి మూడు కొలతలు. ఏది మంచి నాణ్యత అని అడిగితే, ఎవరు చూస్తారు, ఏం చూద్దామని చూస్తారు అని తిరిగి అడగడం నేర్చుకున్నాను.

బాబాయిగారిది మాత్రం చిన్న కోరిక. పిన్ని చేతిలోంచి ఫోను అందుకుని, గొంతు తగ్గించి, "తలంబ్రాలతో నాకు పని లేదమ్మా. ఆ రోజుల్లో నాకు తల నిండా జుట్టుండేది. అది కనపడితే చాలు," అన్నారు.

పాపం, ఆ కొసైన్ లెక్కలో ముందు పోయేవి సన్నటి గీతలే. ఆయన కోసం సెకనుకి ఇంకో మెగాబిట్టు పెంచాను.